‘హ్యావ్’ అనగా ఏమి?



ఇంగ్లీషు బడిలో మన పిల్లలు మొదట నేర్చే మాటల్లో ‘హ్యావ్’ ఒకటి. ‘పట్టుకొను’ అనే అర్థంగల ‘కాపెరె’ అను లతీను మాటకు ఇది చుట్టమని భాషావేత్తలు చెబుతారు. నేడు ఇల్లు, జ్వరం, అక్క, అనుమానం, అన్నింటికీ ఇంగ్లీషులో ఈ మాట చెల్లుతుంది.

అరిస్టాటిలు తన ‘కేటగిరీలు’ గ్రంథం చివర గ్రీకు భాషలోని ఇటువంటి మాటనే విడదీసి చూపాడు: జ్ఞానం కలిగియుండుట, ఒంటిపై వస్త్రం, వేలికి ఉంగరం, కూజాలో ద్రాక్షరసం, పొలం. భర్త భార్యను ‘కలిగియుండుట’ అన్నింటికంటె దూరపు అర్థమనీ, కలిసి కాపురముండుటే దాని భావమనీ అన్నాడు.

తెలుగు ఈ తేడాను విభక్తులతోనే చెబుతుంది. ‘నా దగ్గర వంద రూపాయలున్నాయి’ అంటాం. అవి చేతులు మారేవి. ‘నాకు ఇద్దరు పిల్లలు’ అంటాం, అది బంధం. ‘నా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు’ అంటే, ‘ఎవరి పిల్లలు?’ అని అడుగుతారు.

జవహర్‌నగర్‌వాసులకు ఈ తేడా బాగా తెలుసు. ప్రభుత్వ భూమిలో ఇల్లు కట్టుకొని ఏళ్లు గడిచినా పట్టా లేనివారు ఎందరో. స్వాధీనం వేరు, హక్కు వేరు. అభ్యంతరం లేని ప్రభుత్వ భూముల్లో 125 చదరపు గజాల లోపు ఇళ్లున్న పేదలకు ఉచితంగా హక్కు కల్పించుటకు 2014 డిసెంబరులో 58వ నంబరు జీవో వచ్చింది ఇందుకే.

కనుక మీ బిడ్డ ‘ఐ హ్యావ్’ అన్నప్పుడు, తెలుగులో ‘నాకు’ అనాలా, ‘నా దగ్గర’ అనాలా, ‘నాలో’ అనాలా అని అడగండి. పాఠంతోపాటు, మనుషులు మన సొత్తు కారనీ తెలుసుకుంటాడు.