పార్కులో పండుగ, పండుగ తర్వాత పార్కు: ఇబ్రహీంపట్నం సంగమం చెప్పే పాఠం

ప్రశ్నను ఎలా చూడాలి

పట్టణ పాలన పాఠంలో పార్కు గురించి అడిగితే ఎక్కువమంది అభ్యర్థులు పచ్చదనం, మంచి గాలి, నడక, ఆరోగ్యం రాసి పేజీ తిప్పేస్తారు. ప్రశ్నలో ‘సాంస్కృతిక వినియోగం’ అని స్పష్టంగా ఉన్నా జవాబులో చెట్లే కనిపిస్తాయి. పుష్కర స్నానం, కార్తిక వనభోజనం, పుస్తక ప్రదర్శన, ముగ్గుల పోటీ, రాజకీయ సభ, జూన్ 21న యోగా, వీటన్నిటికీ ఊరుమ్మడి జాగా కావాలి. ఇల్లు చాలదు, రోడ్డు కుదరదు. అయితే ప్రతి ఉదాహరణకూ ఒక పరీక్ష పెట్టండి. సందడి ముగిశాక ఆ స్థలం మళ్లీ అందరి చేతికీ వస్తోందా? ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుంటే రాజ్యాంగం, తీర్పులు, స్థానిక ఉదాహరణ ఒకే దారిలోకి వస్తాయి.

రాజ్యాంగంలో చోటు

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 243డబ్ల్యూ అధికరణం కింద మున్సిపాలిటీలకు అప్పగించదగిన 18 అంశాలు పన్నెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. 12వ అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాల వంటి పౌర సదుపాయాలు. ఆ వెంటనే 13వ అంశం సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం. షెడ్యూల్‌లో పక్కపక్కనే ఉన్నా, మున్సిపల్ కార్యాలయాల్లో ఈ రెండిటినీ కలిపి ఆలోచించడం అరుదు. పార్కంటే నీళ్లు పట్టడం, గడ్డి కత్తిరించడం అనే లెక్కే నడుస్తుంది. అంతర్జాతీయ కోణం అడిగితే సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లోని 11.7ను పేర్కొనండి. మహిళలు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగులతో సహా అందరికీ సురక్షితమైన పచ్చని బహిరంగ స్థలాలు 2030 నాటికి అందాలన్నది దాని సారాంశం.

ఇబ్రహీంపట్నం: కాలువ తెచ్చిన తీర్థం

విజయవాడ నుంచి హైదరాబాద్ దారిలో వచ్చే ఇబ్రహీంపట్నం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా కొండపల్లి మున్సిపాలిటీలో భాగం. ఒకపక్క థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఇంకోపక్క కొండపల్లి కోట, మధ్యలో ఫెర్రీ రేవు. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీరు పోలవరం కుడి కాలువ గుండా, ఆఖరున బుడమేరు మళ్లింపు కాలువ మీదుగా వచ్చి 2015 సెప్టెంబరులో ఇక్కడే కృష్ణలో కలిసింది. ఆ చోటుకు ‘పవిత్ర సంగమం’ అని పేరు పెట్టారు.

రెండు నదులూ వాటంతటవే కలిసిన చోటు కాదిది, పంపులు కలిపిన చోటు. అయినా ఏడాది తిరగకముందే, 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగిన కృష్ణా పుష్కరాలకు ఇది ముఖ్యమైన ఘాట్లలో ఒకటైంది, నదీహారతికి వేదికైంది. సాగునీటి శాఖ పని ఇంత త్వరగా మొక్కుబడి స్థలంగా మారడం అరుదు. నన్నడిగితే, సంస్కృతి అంటే పాతదే అయి ఉండాలన్న వాదనకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు.

భౌగోళిక కారణం కూడా రాయాలి. దిగువన 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ ఆపిన నీరు ఇక్కడిదాకా నిలిచి ఉంటుంది. మెట్లకు నీరు తగలడానికీ, పడవలు తిరగడానికీ ఆ నిల్వే ఆధారం. మైదానమైతే జాగా ఒక్కటే చూసుకుంటే చాలు. నదీతీరంలో నీటిమట్టాన్నీ చూసుకోవాలి.

పుష్కరం వచ్చేది పన్నెండేళ్లకోసారి, ఉండేది పన్నెండు రోజులు. వచ్చేది 2028లో. ఆ పన్నెండు రోజుల కోసం వేసిన మెట్లు, దీపాలు, నడకబాటలు మిగిలిన పన్నెండేళ్లూ సాయంత్రం షికారుకు వచ్చే కుటుంబాలకు పనికిరావాలి. పుష్కర నిధుల లెక్క అందరూ అడుగుతారు. ఆ తర్వాత ఊడ్చేదెవరు, మరుగుదొడ్డి తాళం ఎవరి దగ్గరుంటుంది అన్నది ఎవరూ అడగరు.

భద్రతకు కూడా ఉదాహరణ ఇక్కడే ఉంది, విషాదకరమైనదే అయినా. 2017 నవంబరు 12, కార్తిక మాసపు ఆదివారం. భవానీ ద్వీపం వైపు నుంచి సంగమానికి వస్తున్న పర్యాటకుల పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. నీటి ఒడ్డున పండుగ జరిగితే పడవల అనుమతి, లైఫ్ జాకెట్లు, ఎక్కించే మనుషుల లెక్క కూడా నిర్వాహకుల బాధ్యతే. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైంది. ఏటి ఒడ్డున ఏది కట్టినా మునిగి తేలేలా ఉండాలని ఆ వరద చెప్పింది.

స్వరాజ్ మైదానం: జవాబుకు రెండో కాలు

విజయవాడ నడిబొడ్డున జనం పీడబ్ల్యూడీ గ్రౌండ్ అని పిలిచిన స్వరాజ్ మైదానంలో 1989లో మొదలైన పుస్తక మహోత్సవం ఏటా జనవరి మొదటి రోజుల్లో ఏళ్ల తరబడి జరిగింది. సభలు, ఎగ్జిబిషన్లు కూడా అక్కడే. ఇప్పుడు అక్కడ అంబేద్కర్ స్మృతివనం ఉంది. 81 అడుగుల పీఠంపై 125 అడుగుల విగ్రహాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు. పుస్తకాల పండుగ వేరే చోట్లు వెతుక్కుంది, 2025లో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జరిగింది.

ఇక్కడ తొందరపడి తీర్పు రాయకండి. స్మారకం కూడా సాంస్కృతిక వినియోగమే. సమానత్వాన్ని నగరం నడిమధ్య నిలబెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఖాళీ మైదానం ఈ వారం పుస్తకాలకు, పై వారం సర్కస్‌కు ఇవ్వగలదు. స్మారకానికి ఆ వెసులుబాటు తక్కువ. ఒకటి వచ్చినప్పుడు రెండోదానికి ప్రత్యామ్నాయ స్థలం ముందే చూపాలని రాస్తే జవాబు నిలబడుతుంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మ్యూజియం, జూబ్లీ హాలు, లలిత కళాతోరణం తోటలోనే ఒదిగాయని ఒక వాక్యం చేర్చవచ్చు.

తప్పక గుర్తుంచుకోవాల్సిన తీర్పులు

బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని నర్సింగ్ హోముకు ఇస్తే, బెంగళూరు మెడికల్ ట్రస్ట్ – ముద్దప్ప కేసులో (1991) సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన నిలవలేదు. ఎం.ఐ. బిల్డర్స్ – రాధేశ్యామ్ సాహు కేసు (1999) మన అంశానికి ఇంకా దగ్గర. లక్నో అమీనాబాద్‌లోని ఝండేవాలా పార్కు కింద కడుతున్న భూగర్భ వాణిజ్య సముదాయాన్ని తొలగించి, పార్కును పూర్వస్థితికి తేవాలని కోర్టు ఆదేశించింది. ఆ పార్కుకున్న చారిత్రక ప్రాధాన్యాన్నీ లెక్కలోకి తీసుకుంది. ఉమ్మడి ఆస్తిని ప్రజల తరఫున ప్రభుత్వం ధర్మకర్తలా కాపాడాలనే ప్రజా విశ్వాస సిద్ధాంతానికి ఇది ఉదాహరణ.

మైకు, వేళలు

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన వేడుకలకు అర్ధరాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు, ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకుండా. ప్రిలిమ్స్‌లో ఈ 15 అంకె మీద బిట్ రావడానికి వీలుంది.

సాధన ప్రశ్న

“పన్నెండో షెడ్యూల్‌లోని 12, 13 అంశాలను కలిపి అమలు చేయడంలో చిన్న మున్సిపాలిటీలకు ఎదురయ్యే ఇబ్బందులేమిటి? ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం ఆధారంగా, 2028 పుష్కరాలకు ముందూ తర్వాతా నిర్వహణ ఎలా ఉండాలో 250 పదాల్లో చర్చించండి.”