భయం వచ్చినా అడుగు ఆపొద్దు

"ఇంత పెద్ద చదువు మనవల్ల అవుతుందా?" పుస్తకం తెరవగానే మనలో చాలామందికి వచ్చే అనుమానం ఇది. "మీకు చదువెందుకు?" అని తరతరాలుగా విన్న మాటే లోపల భయమై కూర్చుంది. ఐదు నీవరణాల్లో చివరిదైన విచికిచ్ఛ, అంటే సందేహం, ఇలాగే మనిషిని ఆపేస్తుంది.

భయభేరవ సుత్తంలో బుద్ధుడు తన అనుభవమే చెప్పారు. సంబోధికి ముందు, రాత్రి అడవిలో నడుస్తుండగా భయం పుడితే ఆయన ఆగలేదు, కూర్చోలేదు. భయం పోయేదాకా నడుస్తూనే ఉన్నారు.

బాబాసాహెబ్ కూడా అంతే. స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో లండన్ చదువు మధ్యలో ఆగింది. 1920లో మళ్లీ వెళ్లారు. సిద్ధాంత గ్రంథం మార్చి రాయమన్నా వెనక్కి తగ్గలేదు. 1923లో డి.ఎస్సీ. సాధించారు.

అభ్యాసం: భయం వస్తే "ఇది భయం" అని గుర్తించండి. పుస్తకం మూయకండి. ఆ పేజీ పూర్తిచేశాకే లేవండి.

నమో బుద్ధాయ! జై భీమ్!