చామంతి మళ్ళీ పూస్తుంది

ఎల్.బి. నగర్‌లో ఒక చిన్న ఇల్లు. ఇంటి ముందు చామంతి కుండీ. సంక్రాంతి దాటింది. పూలు వాడిపోయాయి. కోడలు మొక్కను పీకబోయింది.

"ఆగు బిడ్డా! పైన ఎండింది గాని, వేరు బతికే ఉంది" అంది అత్త.

అత్త కొమ్మలను జానెడు ఎత్తులో కోసింది. కొన్నాళ్ళకు మొదట్లో పిలకలు లేచాయి. వాటిని వేర్లతో విడదీసి డబ్బాల్లో నాటింది. డబ్బాల అడుగున రంధ్రాలు పెట్టింది. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

ఎండాకాలం నీడలో కాపాడింది. జూన్‌లో కుండీల్లోకి మార్చింది. నెల తరువాత చివరి చిగురు తుంచింది. పక్క కొమ్మలు వచ్చాయి. కొమ్మలు పెరిగితే పూలూ పెరుగుతాయి.

కార్తీకం వచ్చింది. డాబా మీది మొక్కలు మొగ్గ తొడిగాయి. వీధి దీపం కింది మొక్క తొడగలేదు.

"ఇది గొడ్డుదా అత్తమ్మా?" అంది కోడలు.

"కాదు. చామంతికి పొడుగు రాత్రి, చీకటి కావాలి. దీపం వెలుగులో దానికి రాత్రి తెలియదు."

కుండీని చీకటి వైపు జరిపారు. కొన్ని వారాలకు అదీ మొగ్గ వేసింది.

ఆ ఏడు పూజకు దిల్‌సుఖ్‌నగర్‌లో చామంతులు కొనలేదు. ఆ డబ్బు మిగిలింది.

చెప్పండి:
1. చిగురు ఎందుకు తుంచాలి?
2. మీ ఇంట్లో చీకటి చోటు ఎక్కడ ఉంది?