మిగిలేది ముందు చూడు

మారేడుపల్లి,
సికింద్రాబాద్

తల్లీ,

ఆ కుర్రాడికి కోయడం కుదరదనీ, లివరు మార్చడం ఒక్కటే దారనీ అప్పుడే తేల్చేయకు. నీ ఉత్తరంలో కుడివైపు గడ్డ కొలత ఉంది, 13 సెంటీమీటర్లు. అది తీసేస్తే ఎడమవైపు మిగిలే లివరు ఎంతో ఎక్కడా రాయలేదు. మొదట చూడాల్సింది అదే కదమ్మా!

19 ఏళ్ళ కుర్రాడు, సిర్రోసిస్ లేదు, రక్తంలో ఏఎఫ్‌పీ మామూలుగా ఉంది, బయాప్సీలో ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా. అరుదైన గడ్డే, మందులకు పెద్దగా లొంగదు. అందుకే కత్తి మీదే మన ఆశంతా. ఆరోగ్యమైన లివరు నాలుగో వంతు మిగిలినా మనిషి నిలబడతాడు. కీమోతో దెబ్బతిన్నదైతే 30 శాతం, సిర్రోసిస్ ఉంటే 40 శాతం కావాలి.

ఈ లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నీ వయసు దాటిన కొత్తలో ఒకాయనకు పెద్ద గడ్డ తీశాను. నెత్తురు పెద్దగా పోలేదు, గడ్డ మొత్తంగా వచ్చింది. ఆ రాత్రి గర్వంగా ఇంటికెళ్ళాను. నాలుగో రోజుకి ఆయన కళ్ళు పచ్చబడ్డాయి, పొట్టలో నీరు చేరింది. తొమ్మిదో రోజున పోయారు. మిగిల్చిన ముక్క ఆయన్ని మోయలేకపోయింది. ముందుగా దాన్ని కొలవాలని నాకు తోచలేదు. వరండాలో ఆయన భార్య నన్నేమీ అడగలేదు. ఆ మౌనం ఇప్పటికీ నాతోనే ఉంది.

ఎడమ భాగం చాలదని తేలితే లివరుకు నెత్తురు తెచ్చే కుడి పోర్టల్ సిరను మూయించండి. ఆ సిర నెత్తురంతా ఎడమకు మళ్ళి అది పెరుగుతుంది. 1980లలో జపాన్‌లో సర్జన్ మకూచి ఈ దారి వేశారు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్ళీ కొలవాలి. ఇంట్లోవాళ్ళకు అది జాప్యంలా కనిపిస్తుంది. ఆ ఆగడం కూడా వైద్యమేనని కూర్చోబెట్టి చెప్పు.

గడ్డతోపాటు లివరు ముఖద్వారం దగ్గరి లింఫు గ్రంథులూ తీయాలి, ఈ రకం వాటిలోకి పాకుతుంది. మార్పిడి మాట, ఏ విధంగానూ కోయలేక, లివరు దాటి ఎక్కడా పాకలేదని తేలినప్పుడే. జీవన్‌దాన్ అవయవదాన పథకంలో నమోదు సంగతి అప్పుడు చూద్దాం. ఈ గడ్డ తిరగబెట్టడం తరచు. ఇవాళ పొదుపుగా మిగిల్చిన లివరే రేపటి కోతకు చోటిస్తుంది.

తీసిన ముక్కను నిర్లక్ష్యం చేయకు. 2014లో అలాంటి ముక్కలను పరీక్షించే ఈ గడ్డలో రెండు జన్యువులు అతుక్కుపోయి ఉంటాయని కనిపెట్టినవాళ్ళలో ఎలానా సైమన్ అనే అమ్మాయి ఉంది. పరీక్షించిన 15 గడ్డల్లోనూ అదే కనిపించింది. ఆమెకు 12 ఏళ్ళప్పుడు ఈ గడ్డకే ఆపరేషన్ చేశారు. ఏ సర్జనో జాగ్రత్తగా మిగిల్చిన లివరుతో పెరిగి, ఆ పిల్ల తన జబ్బు గుట్టు వెతికింది.

రేపు గాంధీ ఆసుపత్రికి వెళ్ళగానే రేడియాలజీ వాళ్ళ పక్కన కూర్చుని ఎడమ భాగం లెక్క వేయించు. అంకె చేతికొచ్చాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫరవాలేదు. డ్యూటీ పేరుతో భోజనం మానకు.

మీ పెదనాన్న