మెస్సు కంచాల దొంతర - సి భాషలో మెమరీ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నారు. హాస్టల్ జ్ఞాపకాలు మిగతా పూర్వ విద్యార్థులు ఎలాగూ రాస్తారు కనుక నేను చదువు సంగతి రాస్తున్నాను. సి భాష చదివేవాళ్లకు ఇంటర్వ్యూల్లో ఎదురయ్యే ప్రశ్న ఇది. నన్నూ అడిగారు, చెప్పలేకపోయాను.

"మాలక్ అడిగిన మెమరీ ఇస్తుంది, ఫ్రీ వెనక్కి తీసుకుంటుంది. ఎంత తీసుకోవాలో ఫ్రీకి ఎలా తెలుసు?"

నిజమే, ఫ్రీకి మనం చిరునామా ఒక్కటే ఇస్తాం, సైజు చెప్పం. అందుకే మాలక్ ప్రతి ముక్క ముందు దాని సైజు రాసిపెట్టుకుంటుంది. 64 బిట్ లైనక్స్‌లో 20 బైట్లు అడిగితే లోపల 32 బైట్లు ఖర్చవుతాయి. పది లక్షల రికార్డులుంటే 2 కోట్ల బైట్ల సమాచారానికి 3 కోట్ల 20 లక్షల బైట్లన్నమాట. అదీగాక రకరకాల సైజుల ముక్కలు ఇస్తూ, తీసుకుంటూ పోతే మధ్యలో చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. మొత్తం మీద చోటున్నా పెద్ద ముక్క ఒక్కచోట దొరకదు. దీన్నే ఫ్రాగ్మెంటేషన్ అంటారు.

మన రికార్డులన్నీ ఒకే సైజువైతే ఈ తంటా అక్కర్లేదు. మాలక్‌ను ఒక్కసారే పెద్ద ముక్క అడిగి, సమానమైన గడులుగా విభజించి, మనమే పంచుకోవచ్చు. దీని పేరు పూల్ అలొకేటర్.

మన మెస్సులో కడిగిన కంచాల దొంతర గుర్తు తెచ్చుకోండి. పైది తీసుకుంటాం, కడిగాక మళ్లీ పైనే పెడతాం. ఏ కంచమైనా ఒకటే కాబట్టి వెతుకులాట లేదు. పూల్ కూడా అంతే. మరి ఏ గడులు ఖాళీయో ఎక్కడ రాసుకోవాలి? ఖాళీ గడిలోనే! అందులో ఎవరి సమాచారమూ లేదు కదా. ప్రతి ఖాళీ గడి మొదట్లో తర్వాతి ఖాళీ గడి చిరునామా రాస్తాం. అన్నిటికంటే పై గడి చిరునామా ఒక పాయింటర్‌లో ఉంచుతాం. ఎవరైనా అడిగితే పై గడి ఇచ్చి, అందులో ఉన్న చిరునామాను పాయింటర్‌లోకి తెచ్చుకుంటాం. గడి తిరిగొస్తే పాత పాయింటర్‌ను అందులో రాసి, దాన్నే పైగడి చేస్తాం. రెండు మూడు వాక్యాల ప్రోగ్రాము, అంతే.

ఇది తెలుసుకున్న సంబరంలో నా ప్రాజెక్టులోని మార్కుల జాబితాకు పూల్ రాశాను. మర్నాడే వైవా. ఒక పేరు తీసేసి రవి పేరు చేర్చాను, తర్వాత స్వాతి పేరు చేర్చాను. జాబితాలో స్వాతి రెండుసార్లు వచ్చింది, రవి మాయం. మూడో పేరు చేర్చబోతే ప్రోగ్రామే ఆగిపోయింది. డీబగ్గర్‌లో పాయింటర్ విలువ చూస్తే 69766172. అలాంటి చిరునామా నా ప్రోగ్రాములో ఎక్కడా లేదు.

రాత్రి చాలాసేపటికి గాని తట్టలేదు. ఆస్కీ పట్టికలో 72 ఆర్, 61 ఏ, 76 వీ, 69 ఐ. ఇంటెల్ యంత్రాల్లో చివరి బైటు ముందుంటుంది కనుక తిరగేసి చదవాలి. అది రవి పేరే! అప్పటి 32 బిట్ యంత్రాల్లో చిరునామా నాలుగు బైట్లు, సరిగ్గా నాలుగక్షరాలు.

జరిగిందేమిటంటే, తీసేసిన పేరు గడిని నేను రెండుసార్లు తిరిగిచ్చాను, తొలగించే ఫంక్షన్లో ఒకసారి, మెయిన్‌లో ఇంకోసారి. రెండోసారి ఇచ్చేటప్పుడు పైగడి అదే కనుక అందులో దాని చిరునామానే పడింది. ఆ గడే రవికిచ్చింది, స్వాతికీ ఇచ్చింది. స్వాతికి ఇచ్చేటప్పుడు, తర్వాతి గడి చిరునామా ఇదే అనుకుని రవి పేరును పాయింటర్‌లో పెట్టుకుంది. ఒకే మంచం ఇద్దరికి రాసిచ్చినట్టు.

గడికొక బైటు చొప్పున వేరే అర్రే పెట్టాను. ఇచ్చిన గడికి 1, తిరిగొచ్చినదానికి 0. ఇప్పటికే 0 ఉన్న గడిని ఎవరైనా మళ్లీ ఇస్తే ప్రోగ్రాము అక్కడే ఆగి చెబుతుంది. వెయ్యి గడులకు వెయ్యి బైట్లు ఖర్చు, నాకది ఎక్కువనిపించలేదు.

అయితే ప్రతి ప్రోగ్రాముకూ పూల్ రాయకండి. లైనక్స్ మాలక్ కూడా 2017 నుంచి చిన్న ముక్కలకు ఇలాంటి దొంతరలే వాడుతోంది. ముందు సమయం కొలిచి, నిజంగా మాలక్ దగ్గరే ఆలస్యమవుతుంటేనే దిగండి. మాలక్‌నే సొంతంగా ఎలా రాయాలో కెర్నిగాన్, రిచీల 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' రెండో కూర్పు (1988) ఎనిమిదో అధ్యాయం చివర ఉంది. అది చదివాక మీ పూల్ రాసి, కావాలనే ఒక గడిని రెండుసార్లు తిరిగిచ్చి, మూడో పేరు దగ్గర ఏమవుతుందో చూడండి.