‘పాస్ అవుట్’ అయ్యామంటే ఏమయ్యామని?

ఫైనలియర్ వాళ్ళు బయోడేటాలు రాసుకునే రోజులు దగ్గర పడ్డాయి గదా! వాటిలో నాకు తరచు కనపడే వాక్యం ఒకటుంది: ‘ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023’. దీన్ని హైదరాబాదులో చదివితే ఏ చిక్కూ లేదు. అమెరికాలో చదివినవాళ్ళకు మాత్రం, పాపం, ఈ కుర్రవాడు 2023లో స్పృహ తప్పి పడిపోయాడనే అర్థం ముందు తడుతుంది. ఆ వెంటనే ‘అండ్ జాయిన్డ్ ఎ జాబ్’ అని కూడా ఉంటే ఇక చెప్పేదేముంది!

ఇంగ్లీషు క్రియకు అవుట్, ఆన్, అవే వంటి చిన్నమాట తగిలితే దాన్ని ఫ్రేజల్ వెర్బ్ అంటారు. తోక మారితే అర్థం మారిపోతుంది. పాస్ అవే అంటే చనిపోవడం. పాస్ ఆన్ అంటే ఒక కబురునో వస్తువునో ఇంకొకరికి అందించడం. పాస్ అప్ అంటే చేతికొచ్చిన అవకాశాన్ని వదులుకోవడం. విడిమాటల అర్థాలు కూడినంత మాత్రాన మొత్తం అర్థం రాదు. ఇది మనకేం కొత్త కాదు. ‘కనిపెట్టాడు’ అన్నప్పుడు ఎవరు ఎక్కడ ఏం పెట్టారు? ‘అమ్మను చూశాడు’ అంటే క్షణం పని. ‘అమ్మను చూసుకున్నాడు’ అంటే ఏళ్ళ తరబడి బాధ్యత. లుక్ ఎట్, లుక్ ఆఫ్టర్‌ల తేడా సరిగ్గా ఇదే.

మరి మన ‘పాస్ అవుట్’కు ఆధారమే లేదా? ఉంది. బ్రిటిష్ ఇంగ్లీషులో సైనిక శిక్షణ ముగించుకొని బయటికి రావడాన్ని అలాగే అంటారు. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలోనూ, హైదరాబాదు జాతీయ పోలీసు అకాడమీలోనూ జరిగే పాసింగ్ అవుట్ పెరేడ్ ఆ మాటే. మనం దాన్ని అన్ని కాలేజీలకూ వర్తింపజేశాం. ఇంతమంది వాడి, ఇంతమంది అర్థం చేసుకొనే మాటను తప్పనడానికి నా మనసు ఒప్పదు. మనలో మనకు అది చక్కగా చెల్లుతుంది. (పాసు కాకుండానే అవుటయిన మిత్రుల సంగతి వేరు!)

విదేశానికి పంపే కాగితంలో మాత్రం ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2023’ అని రాయండి. బ్రిటన్‌లో ఈ మాట డిగ్రీకే వాడతారు కనుక, ఇంటర్మీడియట్‌కు ‘ఐ కంప్లీటెడ్’ అంటే సరిపోతుంది. ఇక పరీక్ష విషయానికొస్తే ‘ఐ పాస్డ్ ది ఎగ్జామ్’, అంతే. ‘పాస్డ్ అవుట్ ది ఎగ్జామ్’ అనేది ఏ దేశంలోనూ చెల్లదు.

పంచిపెట్టడమనే అర్థం కూడా ఈ మాటకుంది. ‘పాస్ అవుట్ ది పేపర్స్’ అనవచ్చు, ‘పాస్ ది పేపర్స్ అవుట్’ అనీ అనవచ్చు. కాని పేపర్స్ బదులు సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి: ‘పాస్ దెమ్ అవుట్’. స్పృహ తప్పడమనే అర్థంలో కర్మ ఉండదు కాబట్టి అక్కడ ఈ పేచీ రాదు.

ఉద్యోగ ప్రకటనల్లో ‘2024 పాసవుట్స్’ అని నామవాచకం కూడా తయారైంది. ప్రకటన వేసినవాళ్ళు వేసుకోనివ్వండి. మీరు పంపే దరఖాస్తులో ‘2024 గ్రాడ్యుయేట్’ అని రాయండి, వాళ్ళకూ అర్థమవుతుంది.