రిపోర్టులో క్రియాటినిన్ ఎక్కువ వస్తే ఏం చేయాలి?

తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద సర్కారు దవాఖానల్లో రక్త పరీక్షలు ఉచితం. రిపోర్టులో క్రియాటినిన్ (పెద్దవాళ్లకు మామూలుగా 1.3 లోపు ఉంటుంది) కొంచెం పెరిగిందని కిడ్నీలు పోయాయనుకోవద్దు. ఎండలో ఉపాధి హామీ పనికి పోయి నీళ్లు తాగకపోయినా అది పెరగొచ్చు. అట్లని ఊరుకోవద్దు. డాక్టర్‌కు చూపించి, చెప్పిన రోజున మళ్లీ పరీక్ష చేయించుకోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు అసలే ఆలస్యం చేయొద్దు.

ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో గోలీలు కొని మింగడం కూలి పని చేసేటోళ్లకు అలవాటే. నీరు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి, డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

దాహమయ్యేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి మిషన్ భగీరథ నీళ్లే సీసాలో పట్టుకుపోండి. గుండె జబ్బు, కాళ్ల వాపు ఉన్నవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌నే అడగాలి.

మూత్రం బాగా తగ్గి ఆయాసం వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.